పెద్ద రాళ్ళ కంటే ముందు చిన్న రాళ్ళను లెక్కపెట్టండి

తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకుల గారికి, నారాయణపేట జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను పాలమూరు ప్రాంతంలో ఇరవై రెండేళ్ళుగా సాంఘిక శాస్త్రం చెబుతున్న మాస్టారుని. పురావస్తు శాఖలో పనిచేసినవాణ్ణి కాదు, పరిశోధకుణ్ణీ కాదు. కృష్ణ మండలం ముడుమాల్‌కు పిల్లలను తీసుకుని ఏడాదికి ఒకటి రెండు సార్లు వెళ్తుంటాను. అక్కడ వేల ఏళ్ళ కిందట మనుషులు పాతిన నిలువురాళ్ళ గురించి మీకొక విన్నపం చేసుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆఫీసులో ఇచ్చే దరఖాస్తు ఫైల్లో పడిపోతుందన్న భయంతో ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

2025 మార్చిలో ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఆ వార్త చదివిన రోజు స్టాఫ్ రూమ్‌లో అందరికీ మిఠాయి పంచాను. 2014లో ఆ జాబితాలో చేరిన మన రామప్ప గుడికి 2021లో అసలు గుర్తింపు వచ్చింది. మధ్యలో ఏడేళ్ళు గడిచాయి. తాత్కాలిక జాబితాలో కనీసం ఒక ఏడాది ఉంటే గానీ పూర్తి నామినేషన్ పంపడానికి వీల్లేదు కాబట్టి, ముడుమాల్‌కు కూడా ఎంత లేదన్నా కొన్నేళ్ళు పడుతుంది. నా టెన్షన్ అంతా ఆ కొన్నేళ్ళ గురించే. రామప్ప గుడిని ఎవరూ రాత్రికి రాత్రి ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని పోలేరు. ముడుమాల్ రాళ్ళలో ఎక్కువ భాగాన్ని మాత్రం ఒక మనిషి, ఒక గడ్డపార ఉంటే పొద్దుటి పూట పక్కకు తీసిపారేయొచ్చు.

ఈ స్థలం గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. అయినా ఈ లేఖ మామూలు పాఠకులు కూడా చదువుతారు కాబట్టి నాలుగు మాటలు రాస్తాను. కృష్ణా నది ఒడ్డున దాదాపు 80 ఎకరాల్లో పరుచుకున్న స్థలమిది. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున్న పెద్ద నిలువురాళ్ళు సుమారు 80 ఉన్నాయి. వాటి చుట్టూ, మధ్యలో, వరుసలు వరుసలుగా పాతిన చిన్న రాళ్ళు దాదాపు 3000. మూడున్నర నుంచి నాలుగు వేల ఏళ్ళ కిందటివని చెబుతున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ కె.పి. రావు గారు ఏళ్ళ తరబడి ఇక్కడ పరిశోధన చేసి, ఈ వరుసల్లో కొన్ని అయనాలు మారే రోజుల్లోనూ, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లోనూ సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిపోతాయని చూపించారు. ఒక రాయి మీద తొలిచిన చిన్న చిన్న గుంతలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని గుర్తించిందీ ఆయనే. ఊరివాళ్ళకు మాత్రం ఈ స్థలం ఎప్పటినుంచో నిలురాళ్ళ తిమ్మప్పది. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు.

ఆ గుంతల రాయి దగ్గర జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన చూపుడు వేలు ఒక గుంతలో పెట్టి తిప్పింది. వేలి కొన సరిగ్గా అందులో కూర్చుంది. "సార్, లోపల నున్నగుంది" అంది. అవును. రాయి పైనంతా గరుకు, గుంత లోపల నున్నన. ఇంకో రాయితో గంటల తరబడి, బహుశా రోజుల తరబడి నూరితే తప్ప ఆ నునుపు రాదు. ఇనుము అరుదుగా ఉన్న కాలంలో, లేదా అసలు లేని కాలంలో, ఎవరో ఒకరు ఇక్కడ కూర్చుని ఆకాశంలో చూసింది రాతి మీద దించుకున్నారు. ఆ పిల్ల వేలు తీయకుండా చాలాసేపు అలాగే నిలబడింది. నేను ఆ రోజు వేరే పాఠం చెప్పలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఫోటోల్లో వచ్చేది పెద్ద రాళ్ళే. మంత్రులొచ్చినా, టీవీవాళ్ళొచ్చినా వాటి పక్కనే నిలబడతారు. అందులో తప్పేమీ లేదు, అవి అంత గంభీరంగా ఉంటాయి మరి. కాపాడే పని మొదలైతే కంచె కూడా ముందు వాటి చుట్టూ పడుతుందని నా భయం. కానీ ముడుమాల్‌ను ముడుమాల్‌గా నిలబెట్టినవి ఆ చిన్న రాళ్ళు. ఒక్క పెద్ద రాయి దిక్కు చెప్పలేదు. దిక్కు తెలియాలంటే కనీసం రెండు రాళ్ళు కావాలి, ఆ దిక్కు అనుకోకుండా కుదిరింది కాదని తేలాలంటే ఒక వరుస కావాలి. ఆ వరుసల్లో ఎక్కువ భాగం మోకాలి ఎత్తు కూడా రాని రాళ్ళే. పొలంలో చూస్తే మామూలు గుండుకీ వాటికీ తేడా తెలియదు. దున్నేవాడికి అది నాగలికి అడ్డం వచ్చే రాయి, అంతే.

దీన్ని మా పదో తరగతి పిల్లలతో బోర్డు మీద లెక్క వేయించాను. ఇరవై అయిదు అడుగుల దూరంలో ఉన్న రెండు రాళ్ళలో ఒకదాన్ని రెండడుగులు పక్కకు జరిపితే ఆ రెంటి మీదుగా చూసే చూపు దాదాపు నాలుగున్నర డిగ్రీలు తప్పుతుంది. మార్చి 21 ప్రాంతంలో సూర్యుడు పొడిచే చోటు దిగంతం మీద రోజుకు అర డిగ్రీకి కొంచెం తక్కువగా జరుగుతుంది. అంటే రెండడుగుల జరుగుబాటుకు పది పదకొండు రోజుల తేడా. ఎవరో మంచి మనసుతో, "పడిపోయింది కదా, లేపి నిలబెడదాం" అనుకుని ఒక రాయిని సుమారుగా ఉన్న చోటే పాతినా సరే, వేల ఏళ్ళ లెక్క పది రోజులు తప్పిపోతుంది. ఆ తర్వాత ఏ పరిశోధకుడు వచ్చి కొలిచినా తప్పే వస్తుంది, ఆ తప్పు మనం చేసిందని అతనికి తెలిసే దారి కూడా ఉండదు.

డిసెంబర్ 22న ఒకసారి చీకటితోనే అక్కడికి చేరుకున్నాం. చలికి పిల్లలు దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు. ఆ రోజుల్లో మన దగ్గర సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు. దాదాపు ఇరవై నాలుగు డిగ్రీలు ఆగ్నేయం వైపు జరిగి పొడుస్తాడు. పొద్దు పొడవగానే పెద్ద రాళ్ళ నీడలు వాయవ్యం వైపు నేల మీద బారున పడ్డాయి, ఒక్కొక్కటి ఎన్ని గజాలో. నీడల కొసలు చిన్న రాళ్ళ మధ్య నుంచి పోతుంటే, అప్పటిదాకా గడ్డిలో కలిసిపోయి కనపడని చిన్న రాళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడినట్టు కనిపించాయి. ప్రతి దానికీ దాని నీడ. పది నిమిషాలు, అంతే. పొద్దెక్కాక మళ్ళీ అన్నీ మామూలు గుండ్లే. మీ సిబ్బంది సర్వేకు వస్తే మిట్టమధ్యాహ్నం రావొద్దని నా మనవి. ఆ రాళ్ళు పొద్దునా సాయంత్రమే కనిపిస్తాయి.

ఆ రోజే పక్క చేను గట్టు మీద ఒక రాళ్ళ కుప్ప చూశాను. అందులో ఒకటి చేత్తో తిరగేసి చూస్తే, నడుం దగ్గర చుట్టూ ఒక గీత ఉంది. గీతకు పైభాగం నల్లబడి, బూడిద రంగు పాచి మచ్చలు పట్టి ఉంది. కింది భాగం మట్టి రంగులో, పాచి అన్నది లేకుండా శుభ్రంగా ఉంది. అంటే ఆ రాయి సగం భూమిలో, సగం ఎండా వానల్లో చాలా కాలం నిలబడి ఉండేది. ఎవరో పెకలించి గట్టు మీద పెట్టారు. అది ఎక్కడ నిలబడేదో ఇప్పుడు దానికి తెలియదు, మనకూ తెలియదు.

చేను యజమానిని అడిగితే, పెద్దాయన, ఏమీ దాచకుండా చెప్పాడు. "మా నాయిన కాలంలనే తీసినం సార్. గుంటక తలుగుతుండె. గివి ఏందో మాకెవరు చెప్పిండ్రు? చెప్పుంటే తియ్యకపోదుము." ఆ మాటలో ఎక్కడా అబద్ధం లేదు. ఆ కుటుంబం పెద్ద రాళ్ళ జోలికి ఎప్పుడూ పోలేదు, వాటికి దండం పెట్టుకునే దుక్కికి దిగేవాళ్ళు. తిమ్మప్ప మీద భయభక్తులే లేకపోతే ఇన్ని వేల ఏళ్ళలో పెద్దవి కూడా మిగిలేవి కావు. వాటిని ఇన్ని తరాలు కాపాడింది ఆ ఊరివాళ్ళు. మన శాఖలు పుట్టింది నిన్న మొన్న.

అందుకే నా మొదటి విన్నపం. పెద్ద రాళ్ళ చుట్టూ కంచె వేయడానికి ముందే ప్రతి చిన్న రాయికీ ఒక నంబర్ ఇవ్వండి. నిలబడి ఉన్నవాటికి, పడిపోయినవాటికి, గట్టు మీద కుప్పలో ఉన్నవాటికి, ఇళ్ళ గోడల్లోకి, బావి ఒరల్లోకి చేరినవాటికి కూడా. డ్రోన్‌తో ఫోటోలు తీయండి, కానీ దాంతో ఆగకండి. డ్రోన్‌కు గడ్డి కింది రాయి కనిపించదు. మనుషులు వరుసగా నడిచి, ఒక్కొక్కటీ కొలిచి రాసుకోవాలి. పాతిన రాళ్ళకు, గాలివాటంగా ఉన్న గుండ్లకు తేడా ఆ గీతే చెబుతుంది. పడిపోయినవాటిని మాత్రం ఎక్కడ పడి ఉంటే అక్కడే రాసుకుని వదిలేయండి. అడుగున తవ్వి పాత గుంత ఆనవాలు దొరికితే తప్ప దేన్నీ తిరిగి నిలబెట్టొద్దు.

ఆ లెక్కల పుస్తకం హైదరాబాద్‌లో ఒకటి, ఊరి పంచాయతీ ఆఫీసులో ఒకటి ఉండాలి. సర్వే నంబర్ల వారీగా, తెలుగులోనూ కన్నడలోనూ ఉండాలి. ఆ సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో మీకు తెలిసిందే. ఇంగ్లీషులో బోర్డు పెడితే అది చదవాల్సినవాళ్ళు చదవరు.

రైతుల సంగతి సరిగ్గా తేల్చకుండా మిగతా ఏం చేసినా నిలబడదు. "వారసత్వ స్థలం" అన్న మాట వినగానే పట్టాదారు గుండెలో రాయి పడుతుంది. భూమి పోతుందేమో, పాస్‌బుక్‌లో ఎర్ర గీత పడుతుందేమో, రేపు బిడ్డ పెళ్ళికి అమ్ముకుందామంటే కొనేవాడు దొరకడేమో. ఆ భయం ఉన్నచోట రాళ్ళు రాత్రిపూట మాయమవుతాయి. చేనులో రాయి లేకపోతే సర్కారు చేను జోలికి రాదని ఎవరైనా అనుకుంటారు. నేను రైతు కొడుకునే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. గ్రామసభ పెట్టి, ఏ సర్వే నంబర్లు లోపలికి వస్తాయి, ఏవి రావు, కొనాల్సిన భూమికి ధర ఎంత, డబ్బు ఎప్పుడు వస్తుంది అన్నది ముందే చెప్పండి. కొనాల్సిన పని లేని చోట సాగు చేసుకోనివ్వండి, ట్రాక్టర్ లోతు దుక్కి లేకుండా, రాయి చుట్టూ నాలుగడుగులు వదిలి. అలా వదిలిన నేలకు ఏడాదికి ఇంత అని కౌలు కట్టివ్వండి. పాత రోజుల్లో తీసేసిన రాయిని చూపించినవాళ్ళ మీద కేసు పెట్టబోమని రాతపూర్వకంగా మాటివ్వండి. నాకు రాయి చూపించిన పెద్దాయన లాంటివాళ్ళు ఏ రాయి ఎక్కణ్ణుంచి తీశారో చెప్పగలిగిన ఆఖరి తరం. వాళ్ళు పోతే ఆ జ్ఞాపకం కూడా పోతుంది.

మా ఊరి సంగతి చెబితే నా తొందర మీకు అర్థమవుతుందేమో. మా చెరువు కట్ట కింద ఒక నిలువురాయి ఉండేది. ఒంటరి రాయి, నా చిన్నప్పుడు నాకు రెండు నిలువుల ఎత్తు. పాండవులు పాతారని మా నాయనమ్మ చెప్పేది. తడకల నుంచి వచ్చిన మేకలు ఆ రాయికి ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని, ఒక పక్క అద్దంలా మెరిసేది. రోడ్డు పని జరిగినప్పుడు కాంట్రాక్టర్ మనుషులు దానికి వరుసగా డ్రిల్ వేసి, చీల్చి పట్టుకుపోయారు. ఎవరూ అడ్డం పోలేదు. నేనూ పోలేదు, అప్పటికి నాకు ఉద్యోగం కొత్త, వేరే ఊళ్ళో ఉన్నాను, తెలిసేసరికి అయిపోయింది. ఇప్పుడు ఆ రాతి ముక్క ఒకటి మా ఊరి కల్వర్టు గోడలో ఉంది. డ్రిల్ గాడులు సగం సగం కనిపిస్తాయి. ఒక పక్క ఇంకా నున్నగా మెరుస్తూ ఉంటుంది, అందుకే గుర్తుపట్టాను. ఊరికి వెళ్ళినప్పుడల్లా బండి ఆపి ఒకసారి చెయ్యి వేసి వస్తాను.

తెలంగాణలో ఇలాంటి కథ లేని తాలూకా ఉండదు. రాకాసి గూళ్ళని, పాండవుల గుళ్ళని మనవాళ్ళు పిలుచుకునే పెద్దరాతి సమాధులు ఎన్ని గుప్తనిధుల పిచ్చికి తవ్వబడ్డాయో, ఎన్ని కంకర మిషన్లలో పడ్డాయో. అవన్నీ ఒక్కసారిగా కాపాడమని అడగడం లేదు. ముడుమాల్‌లో సరిగ్గా చేస్తే, ఎలా చేయాలో మిగతా ఊళ్ళకు తెలుస్తుంది.

చిన్న రాళ్ళ గురించి ఇంత గోల ఎందుకంటారేమో, ఫ్రాన్స్‌లో జరిగింది చూడండి. బ్రిటనీలోని కార్నాక్‌లో మూడు వేలకు పైగా నిలువురాళ్ళ వరుసలున్నాయి. 2025 జులైలో ఆ ప్రాంతం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అంతటి పేరున్న ఊళ్ళో, 2023లో, ఒక దుకాణం కట్టడానికి 39 చిన్న నిలువురాళ్ళను తీసేశారని వార్తలొచ్చాయి. అవి నిజంగా పాతవేనా, అంత విలువైనవేనా అని తర్వాత వాదన నడిచింది. వాదన ఎటు తేలినా, చదును చేసిన నేలలో ఆ వరుస లేదు. అంత జాగ్రత్త ఉన్న దేశంలోనే చిన్న రాళ్ళ గతి అదైతే, మన దగ్గర జేసీబీ ముందు వాటికెవరు దిక్కు?

ఇంకో విషయం. ఇది కాగితాల్లో ఎక్కడా ఉండదేమోనని నా అనుమానం, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను. ముడుమాల్‌లో కాపాడాల్సింది రాళ్ళనే కాదు, వాటి మీదుగా కనిపించే ఆకాశపు అంచును కూడా. సూర్యుడు పొడిచే చోట సెల్ టవర్ లేచినా, గోడౌన్ లేచినా రాళ్ళన్నీ భద్రంగానే ఉంటాయి, కానీ అవి చూస్తున్నది మాయమవుతుంది. బఫర్ జోన్, అంటే స్థలం చుట్టూ కాపాడాల్సిన మేర, గీసేటప్పుడు మీటర్ల లెక్కతో గుండ్రంగా గీయొద్దని ప్రార్థన. ఆగ్నేయం, తూర్పు, ఈశాన్యం వైపు, అస్తమయానికి నైరుతి, పడమర, వాయవ్యం వైపు ఎంత దూరం చూపు పోతుందో అంత దూరం ఎత్తు కట్టడాలు రాకుండా చూడండి. రాత్రి చీకటిని కూడా కాపాడండి. సప్తర్షులను చెక్కుకున్న రాయి పక్కన హైమాస్ట్ లైటు వేస్తే, ఆ నక్షత్రాలు మా పిల్లలకు పుస్తకంలోనే కనిపిస్తాయి. ఇప్పటికీ అక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రి తొమ్మిది దాటాక ఈశాన్యం వైపు చూస్తే ఏడూ పైకెక్కుతూ కనిపిస్తాయి.

మన రైతుకు ఆకాశం ఇప్పటికీ కొత్త కాదు. మృగశిర కార్తె వస్తే గానీ మా దగ్గర విత్తనం సంచి విప్పరు. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడన్న లెక్కే కదా. ఈ రాళ్ళు పాతినవాళ్ళు ఎవరో, ఏ భాష మాట్లాడేవారో చెప్పలేం. కానీ వాన కోసం ఎదురుచూడ్డం, పొద్దు ఎటు తిరిగిందో చూసుకోవడం వాళ్ళకూ మనకూ ఒకటే. పిల్లలకు ఇది చెప్పగానే వాళ్ళ ముఖాలు మారిపోతాయి. అప్పటిదాకా చరిత్ర అంటే ఢిల్లీ, రాజులు. మా చేల్లోనే చరిత్ర ఉందని తెలిశాక వాళ్ళు అడిగే ప్రశ్నలకు నాకే జవాబు తెలియదు.

టూరిజం పేరుతో జరిగే పనుల గురించి కూడా ఒక మాట. రోడ్డు కావాలి, మరుగుదొడ్లు కావాలి, నీడకు నాలుగు చెట్లు దూరంగా కావాలి. రాళ్ళ మధ్య టైల్స్ బాట, చుట్టూ సిమెంటు గద్దెలు, రంగులు, ఐ లవ్ ముడుమాల్ అక్షరాలు, సెల్ఫీ పాయింటు వద్దు. సిమెంటు పోసిన చోట రేపు తవ్వి చూడాల్సిన మట్టి పొరలు చెడిపోతాయి. ఎల్లమ్మకు ఊరివాళ్ళు చేసే పూజను ఎవరూ ఆపొద్దు. పసుపు, నూనె ఎక్కడిదాకా అన్నది పూజారినీ, ఊరి పెద్దలనూ కూర్చోబెట్టుకుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయం. ఆర్డరు వేస్తే తేలదు. కాపలాకు బయటి ఏజెన్సీ గార్డు బదులు, ఆ ఊరి మనిషినే నెల జీతం మీద పెట్టండి. ఎవరి మేకలు ఎటు పోతాయో, ఎవరి చేను ఎప్పుడు దున్నుతారో అతనికే తెలుస్తుంది.

రాష్ట్రంలో 2017 వారసత్వ చట్టం ఉంది. రాళ్ళ మీద పరిశోధన చేసినవాళ్ళున్నారు. ప్రపంచం చూపు ఇప్పుడు ఇటు ఉంది. ఇవన్నీ ఒకేసారి కుదరడం అరుదు.

వచ్చే సెప్టెంబర్ 23 తెల్లవారుజామున మా బడి పిల్లలతో ముడుమాల్‌లో ఉంటాను. ఆ రోజు మీ సర్వే సిబ్బందిలో ఒక్కరినైనా పంపండి. గట్టు మీద కుప్పలో నడుం గీత ఉన్న రాయిని చూపిస్తాను. దానికి మొదటి నంబర్ వేద్దాం.

ఇట్లు,
పాలమూరు ప్రాంతపు ఒక సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు